రెండో ప్రయాణికుడి పేరు

మార్చి 2, సోమవారం

ఇవాళ ఆఫీసులో ఒక వింత జరిగింది. ఈ నెల ఇరవై ఎనిమిదిన బయల్దేరే ఓడ ఫైళ్ళు బుకింగ్ మేడమ్ నా బల్ల మీద పడేసి వెళ్ళింది. మామూలే. ఎవరికి ఏ మందులున్నాయో, ఎవరికి మెట్లెక్కడం కష్టమో చూసి రాసుకుని, శనివారం సామాన్లు ఎలా సర్దుకోవాలో చెప్పే క్లాసుకి రమ్మని పిలవడం నా పని. ఇరవై రెండేళ్ళుగా అదే పని. పదకొండో ఫైలు తెరిస్తే మా ఆవిడ పేరుంది.

అదే పేరుతో ఇంకెవరో అనుకున్నాను. వయసు చూశాను, సరిపోయింది. సరే, ఆ వయసువాళ్ళు ఇంకొకరు ఉండకూడదా అనుకున్నాను. అడ్రసు చూశాను, మాదే. ఫొటోలో చెవులకున్న ఆ రింగులు నేను కొన్నవే.

ఇద్దరు పట్టే గది. మొదటి ప్రయాణికురాలు ఆవిడ. రెండో ప్రయాణికుడి పేరు రాయాల్సిన గడి ఖాళీగా ఉంది. పక్కన మేడమ్ పెన్సిలుతో రాసింది: తర్వాత చెబుతారట.

"మీకు తెలీదా కెప్టెన్ గారూ?" అంది మేడమ్. ఆఫీసులో నన్నందరూ అలాగే పిలుస్తారు. "పోయిన గురువారం మీరు రేవుకి వెళ్ళినప్పుడు వచ్చి బుక్ చేసుకున్నారుగా. మీకు చెప్పే ఉంటారనుకున్నా."

"ఆ, చెప్పింది చెప్పింది. నేనే మర్చిపోయా" అన్నాను. నవ్వాను కూడా. బాగానే నవ్వానని నా నమ్మకం.

ఇంటికొచ్చేసరికి ముందుగదిలో ఆవిడ మిషను కుడుతోంది. నోట్లో గుండుసూదులు. అవి నోట్లో ఉన్నప్పుడు మాట్లాడించకూడదు. నేను అడగలేదు. తర్వాత సూదులు తీసేసింది, అప్పుడూ అడగలేదు. నన్ను ఆశ్చర్యపరుద్దామనుకుంటోంది కాబోలు. అంతే అయ్యుంటుంది.

మార్చి 3

చెప్పలేదు. అడగలేదు.

మార్చి 4

ఆ ఖాళీ గడి నాదే. ఇంకెవరిదవుతుంది? కూతురికి పసిబిడ్డ, అది రాలేదు. ఆవిడకి అక్కచెల్లెళ్ళు లేరు. స్నేహితులంటే బట్టలు కుట్టించుకోవడానికి వచ్చేవాళ్ళే. నాదే. అడుగుతుందిలే.

అడిగితే ఏం చెప్పాలి?

మార్చి 7, శనివారం

క్లాసుకి వచ్చింది!

పద్దెనిమిది మంది కుర్చీల్లో ఉన్నారు. నేను నమూనా పెట్టె బల్ల మీద పెట్టి, గొంతు సవరించుకుని తలెత్తేసరికి చివరి వరసలో మా ఆవిడ. పొద్దున నా ఎదురుగా కూర్చుని టీ తాగిన మనిషి. ఒళ్ళో కొత్త నోటుబుక్కు, కొత్త పెన్ను. నేనెవరో తెలియనట్టు మొహం.

ఏం చేస్తాను, మొదలుపెట్టాను. "పెద్ద పెట్టె మీ చేతిలో ఉండదు. రేవులో పోర్టరుకి ఇచ్చేస్తే సాయంత్రానికి మీ గది గుమ్మం ముందుకొస్తుంది. అందాకా అది ఎక్కడుంటుందో మీకూ తెలీదు, నాకూ తెలీదు. అంచేత మందులు, కళ్ళజోడు, ఒక జత బట్టలు చేతిసంచిలో. పాస్‌పోర్టు మాత్రం మెడలో. పాస్‌పోర్టుని పెద్ద పెట్టెలో పెట్టి, రేవులో నిలబడి వెక్కివెక్కి ఏడ్చినవాళ్ళని నేను కళ్ళారా చూశాను."

ఇక్కడ అందరూ నవ్వుతారు. నవ్వారు. ఆవిడ రాసుకుంది.

నకలు తీసి విడిగా పెట్టుకోమన్నాను. నకలు పెట్టెలో, అసలు మెడలో. మీ పెట్టెలాంటివే ఇంకో యాభై ఉంటాయి కాబట్టి పిడికి రంగు గుడ్డ కట్టుకోమన్నాను. గది గోడలు ఇనుమువి, అయస్కాంతం బిళ్ళలు తీసుకెళితే కాగితాలు అంటించుకోవచ్చన్నాను. కడుపులో తిప్పుతుందనిపిస్తే నీళ్ళకేసి చూడకండి, దూరంగా ఆకాశం కలిసే గీతకేసి చూడండన్నాను. ఆఖరి రోజు సాయంత్రం పెట్టెలు గది బయట పెట్టేయమంటారు, ప్యాంట్లన్నీ అందులో సర్దేసి పొద్దున లుంగీతో దిగినాయన కథ చెప్పాను.

రిటైరైన లెక్కల మాస్టారొకాయన మొదటి వరసలో కూర్చుని ప్రాణం తీశారు. ఓడ గడియారానికీ ఒడ్డు గడియారానికీ తేడా వస్తే ఏది నమ్మాలి అన్నారు. ఓడదే, అది మీకోసం ఆగదు అన్నాను. "మరి మీరు మొదటిసారి ఎక్కినప్పుడు మీకు తిప్పిందా?" అన్నారు. "మొదటిరోజు కాస్త. తర్వాత అలవాటైపోతుంది" అన్నాను.

చివరి వరసలో చెయ్యి లేచింది.

"ఓడలో నిద్ర పడుతుందాండీ?"

"ఊయలలో పడుకున్నట్టే ఉంటుందమ్మా" అన్నాను.

అమ్మా అన్నాను! మా ఆవిణ్ణి పట్టుకుని అమ్మా అన్నాను. ఆవిడ తల వంచుకుని, ఆ మాట కూడా శ్రద్ధగా రాసుకుంది.

ఇద్దరం ఒకే బస్సులో పక్కపక్కనే కూర్చుని వచ్చాం. "బాగా చెబుతారు" అంది. అంతే. నా బుర్ర తిరిగిపోతోంది.

మార్చి 8, ఆదివారం

ఇది ఎవరూ చదవరు కదా. రాసేస్తాను.

నేను ఓడ ఎక్కలేదు. ఒక్కసారి కూడా.

ఆఫీసువాళ్ళు మూడుసార్లు పంపారు. ఏజెంటు ఒకసారి ప్రయాణం చేసి చూస్తే ప్రయాణికులకి బాగా చెప్పగలడని. పదకొండేళ్ళ కిందట, ఎనిమిదేళ్ళ కిందట, ఐదేళ్ళ కిందట. మూడుసార్లూ పెట్టె పట్టుకుని రేవుకెళ్ళాను. మెళ్ళో ఏజెంటు బిళ్ళ వేసుకుని ఓడ మీదకెళ్ళే ఆ ఇనుప వంతెన దాకా వెళ్ళాను. ఒడ్డుకీ ఓడకీ మధ్య జానెడు సందుంటుంది. ఆ సందులోంచి కింద నల్లటి నీళ్ళు కనబడతాయి. అంతే, కాళ్ళు నావి కాకుండా పోయాయి. మూడుసార్లూ వెనక్కి తిరిగి, రేవు ఎదురుగా లాడ్జిలో గది తీసుకుని, ఓడ తిరిగొచ్చే వరకూ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ఓడవాళ్ళ రంగుల పుస్తకం బట్టీపట్టాను. ఇంటికొచ్చి ఆవిడకి చెప్పాను. పన్నెండో అంతస్తులో ఈతకొలను, రాత్రి భోజనాలకి పియానో, పొద్దున లేచేసరికి కిటికీలో కొత్త ఊరు. ఆవిడ సూదులు నోట్లో పెట్టుకుని అంతా వినేది. మళ్ళీ చెప్పమనేది. మనమూ వెళదామండీ అనేది.

"ఏముంది అక్కడ, చూసినవాణ్ణి చెబుతున్నా, విసుగు" అనేవాణ్ణి.

ఇందులో ఎవరికీ నష్టం లేదు. నా మాట విని వెళ్ళిన వేలమందికి ఏ ఇబ్బందీ రాలేదు. సలహాలన్నీ సరైనవే.

నన్ను రమ్మంటుందనీ భయమే. రమ్మనదేమోననీ భయమే. ఈ రెండు భయాలూ ఒకే కడుపులో ఎలా ఇముడుతున్నాయో నాకు అర్థం కావడం లేదు.

మార్చి 10

రెండు సంచులు కుట్టింది! మెడలో వేలాడేసుకునే చిన్న సంచులు, పాస్‌పోర్టు పట్టేవి. ఒకే నీలం బట్ట, ఒకే తెల్ల బొత్తాం. రెండు! మిషను పక్కన పెట్టి ఉన్నాయి. చూడనట్టు వెళ్ళిపోయాను. బాత్‌రూములో నిలబడి కాసేపు నవ్వుకున్నాను. ఆ తర్వాత చెమట్లు పట్టాయి.

మార్చి 11

ఒకటి పాస్‌పోర్టుకి, ఒకటి నకళ్ళకి. "మీరే చెప్పారుగా క్లాసులో" అంది. అడగకుండానే చెప్పింది. నా మొహం చూసే చెప్పిందా?

నాకేం బాధ లేదు.

మార్చి 14, శనివారం

క్లాసయ్యాక పార్కుకెళ్ళాను. అక్కడ కొలనులో తొక్కే పడవలున్నాయి. బాతు ఆకారంలో ఉంటాయి, పిల్లలెక్కేవి. టికెట్టు కొన్నాను. మోకాలి లోతు నీళ్ళు సార్, పడినా బట్టలే తడుస్తాయి అన్నాడు పడవలవాడు. ఒక కాలు ఎత్తాను. బాతు నాకేసి చూసినట్టనిపించింది. ఎత్తిన కాలు దించేశాను.

"ఎవరికోసమైనా చూస్తున్నారా?" అన్నాడు.

"అవును" అన్నాను. టికెట్టు ఇంకా జేబులోనే ఉంది. ఉతకడానికి వేసేముందు తీసేయాలి. జేబులు చూడందే ఆవిడ బట్ట తడపదు. ఎవరి జేబులో ఏం దొరికినా బొత్తాల డబ్బాలో దాచి, వాళ్ళు వచ్చినప్పుడు చేతికిస్తుంది.

మార్చి 16, సోమవారం

పేర్ల గడువు ఎల్లుండితో ఆఖరు. గడులు నింపనివాళ్ళకి ఫోను చేసి గుర్తుచేయడం కూడా నా పనే. ముగ్గురున్నారు. ఇద్దరికి చేసేశాను. మూడో నంబరు మా ఇంటిది.

ఇంటికెళ్ళి అడగొచ్చు కదా అంటే, ఇంట్లో నోరు పెగలడం లేదు మరి. ఆఫీసు నుంచైతే అడగడానికి కాగితం ఉంది. కాగితం చూసి చదివాను.

"నమస్కారమండీ. ఓడ ప్రయాణం ఆఫీసు నుంచి. మీ గదిలో రెండో ప్రయాణికుడి పేరు ఇంకా అందలేదు."

అవతల మిషను ఆగింది.

"పేరు ఇవ్వకపోతే ఏమవుతుందండీ?" అంది, అచ్చం క్లాసులో అడిగిన గొంతుతో.

"మీరొక్కరే వెళ్ళాల్సి వస్తుంది."

"ఒక్కరే వెళితే బాగుంటుందా? అనుభవం ఉన్నవాళ్ళు మీరే చెప్పాలి. మూడుసార్లు వెళ్ళారుగా, ఒక్కరే."

ఆ 'ఒక్కరే' అన్న మాట ఎలా అందో రాయడం రావడం లేదు.

"ఆలోచించుకుని చెప్పండి" అని పెట్టేశాను. బుకింగ్ మేడమ్ నాకేసే చూస్తోంది.

మార్చి 17, మంగళవారం

పొద్దున టీ కప్పు పక్కన మూడు కాగితాలు పెట్టి ఉన్నాయి. పాతబడి పసుపెక్కాయి. మడతలు సాఫు చేసి, పైన బొత్తాల డబ్బా బరువు పెట్టింది. లాడ్జి బిల్లులు. పదకొండేళ్ళ కిందటిది, ఎనిమిదేళ్ళ కిందటిది, ఐదేళ్ళ కిందటిది. తేదీలు నేను ఓడలో ఉండాల్సిన తేదీలు.

"ఎవరావిడ?" అంది.

"ఎవరు ఎవరు?" అన్నాను. నిజంగానే అర్థం కాలేదు.

"లాడ్జిలో ఉన్నావిడ."

అప్పుడు నేను చేసిన పని తల్చుకుంటే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తోంది. నవ్వాను. బుద్ధి గడ్డితిని ఫక్కున నవ్వాను. నాకు! ఇంకో ఆడమనిషి! అద్దంలో ఈ మొహం చూసుకుని గడ్డం గీసుకునేవాణ్ణి కదా, నవ్వొచ్చింది.

ఆవిడ లేచి మిషను దగ్గరికి వెళ్ళిపోయింది. గుడ్డ లేకుండానే తొక్కుతోంది. నేను ఆఫీసుకొచ్చేశాను.

పదకొండేళ్ళుగా ఆ బిల్లు ఆవిడ దగ్గరే ఉంది. పదకొండేళ్ళుగా నేను పియానో గురించి చెబుతుంటే, ఆవిడ ఆ బిల్లు దగ్గర పెట్టుకుని వింది. మళ్ళీ చెప్పమనేది అందుకా? ఎక్కడైనా తడబడతానేమోనని?

నిజం చెప్పేస్తే సరిపోతుంది. నిమిషం పని. అయినా ఒకటి గమనించాను, సిగ్గేస్తోంది రాయడానికి. ఇంకో ఆడమనిషి ఉందంటే ఎంత చెడ్డా మగాడనే అంటారు. నీళ్ళు చూస్తే కాళ్ళు వణుకుతాయంటే ఏమంటారు? కెప్టెన్ అంటారా?

మార్చి 18, బుధవారం

చెప్పాను.

ఆఫీసుకి సెలవు పెట్టి, పొద్దున్నే, ఆవిడ ఎదురుగా స్టూలు మీద కూర్చుని అంతా చెప్పాను. ఇనుప వంతెన, సందు, నల్లటి నీళ్ళు, లాడ్జి కిటికీ. పార్కులో బాతు సంగతి కూడా చెప్పి జేబులోంచి టికెట్టు తీసి చూపించాను.

విన్నంతసేపూ నా కళ్ళలోకే చూసింది. అయ్యాక అంది: "పదకొండేళ్ళు టైముందండీ మీకు. కాస్త నమ్మేదేదైనా ఆలోచించి ఉండాల్సింది."

"ఒట్టు. నిజమే."

"ఎన్ని వేలమందికి ధైర్యం చెప్పారు! భయపడకండమ్మా, నేనెక్కాను, ఊయలలా ఉంటుంది అని. ఆ గొంతుతోనే ఇప్పుడు ఇదీ చెబుతున్నారు. నేను ఏ గొంతుని నమ్మాలి?"

నా దగ్గర ఉన్నది ఒకటే గొంతు.

"మీరు అడుగుతారని చూశాను" అంది. "నన్నెందుకు తీసుకెళ్ళవు అని ఒక్కమాట అడిగితే, రండి అని, అన్నీ మర్చిపోదామనుకున్నా. మీరు ఆఫీసు నుంచి ఫోను చేశారు."

గడువు సాయంత్రం ఐదుకి. నాలుగున్నరకి మేడమ్‌కి తనే ఫోను చేసి చెప్పింది. ఒక్కరే అని.

మార్చి 19

ఫైల్లో 'ఒక్కరే' అని టైపు చేశాను. వేరేవాళ్ళ చేత చేయించొచ్చు. నేనే చేశాను.

మార్చి 22

అబద్ధం చెప్పినన్నాళ్ళూ నమ్మింది. నిజం చెప్పాక నమ్మడం లేదు. అబద్ధాన్నీ నమ్మలేదని ఇప్పుడు తెలిసింది. అంటే ఎప్పుడూ నమ్మలేదు. అయినా టీ ఇచ్చింది, చొక్కాలు ఇస్త్రీ చేసింది. ఎలా చేసిందో!

మార్చి 23

ఆవిడ వెళ్ళకపోతే బాగుండును. రాసి కొట్టేశాను, మళ్ళీ రాశాను.

మార్చి 26, గురువారం

"సామాను చూసిపెట్టండి. మీ పనేగా" అంది. ఎనిమిది రోజుల తర్వాత నాతో అన్న పూర్తి వాక్యం. గంతేసినంత పని చేశాను.

పెట్టె అంతా తీసి మళ్ళీ సర్దాను. బరువైనవి చక్రాల వైపు. చెప్పుల్లో మేజోళ్ళు దూర్చి. కడుపు తిప్పకుండా వేసుకునే మాత్రలు చేతిసంచి పైజేబులో, ఎక్కడానికి గంట ముందు వేసుకోమన్నాను. పిడికి తనే పసుపు గుడ్డ కుట్టి కట్టింది. పాస్‌పోర్టు తీసుకెళ్ళి నకలు తీయించుకొచ్చాను. నకలు, టికెట్ల నకళ్ళు, మందుల చీటీ కలిపి ఒక నీలం సంచిలో దూర్చి బొత్తాం పెట్టాను. అసలు పాస్‌పోర్టు ఇంకో నీలం సంచిలో. ఒకటి పెట్టెలో, ఒకటి ఆవిడ మెడకి. అంతా సవ్యంగా చేశాను.

"ముందురోజే చేరుకుంటే మంచిది. బస్సు ఆలస్యమైతే ఓడ ఆగదు" అన్నాను, అలవాటు చొప్పున.

"ముందురోజు వెళ్ళి ఎక్కడుండాలి? లాడ్జిలోనా?" అంది.

పెట్టె మూసేశాను.

మార్చి 28, శనివారం, సాయంత్రం ఆరు

వరసగా రాస్తాను, లేకపోతే నాకే నమ్మకం కుదరదు.

ఆఫీసు బస్సు పన్నెండింటికి రేవు చేరింది. నేను ఏజెంటుగా వచ్చాను. బిళ్ళ మెళ్ళో ఉంది. పోర్టర్లు పెద్ద పెట్టెలు పట్టుకెళ్ళారు. లైనులో మా ఆవిడ ముందు లెక్కల మాస్టారు. మెడలో సంచి అందరికీ చూపిస్తున్నారు, "కెప్టెన్ గారి మాట" అంటూ.

రెండున్నరకి ఆవిడ వంతు వచ్చింది. బొత్తాం తీసింది. సంచిలోంచి కాగితాల మడత బయటికొచ్చింది.

"ఇవి నకళ్ళమ్మా. పాస్‌పోర్టు?" అన్నాడు ఆఫీసరు.

ఆవిడ వెనక్కి తిరిగి నాకేసి చూసింది. నాకు అప్పుడర్థమైంది. పాస్‌పోర్టున్న సంచి పెట్టెలో పెట్టాను. ఇరవై రెండేళ్ళుగా ఏ కథ చెప్పి జనాన్ని నవ్వించానో, ఆ కథ మా ఆవిడ మెళ్ళో వేశాను.

"పెట్టెలు పైకి వెళ్ళిపోయాయి" అన్నాడు ఆఫీసరు. "ఐదో అంతస్తు వరండాలో ఉంటాయి. పాస్‌పోర్టు లేకుండా ఈవిణ్ణి పంపలేను. మీకు ఏజెంటు బిళ్ళుందిగా, వెళ్ళి తెచ్చుకోండి. నాలుగుకి తలుపులు మూస్తాం."

ఆవిడ పక్కకొచ్చి మెల్లిగా అడిగింది. "కావాలనే చేశారా?"

"లేదు" అన్నాను. అక్కడ లేదన్నాను. ఇక్కడ నిజం రాయాలి కదా. నాకు తెలీదు. చేతులు చేశాయి. మనసు చేయించిందో లేదో నాకు తెలీదు.

"అయితే తీసుకురండి. మూడుసార్లు వెళ్ళిన దారేగా" అంది.

వెళ్ళాను. అదే ఇనుప వంతెన. అదే సందు. నల్లటి నీళ్ళలో ఎవరో పడేసిన సీసా తేలుతూ గోడకి తగులుతోంది, టక్, టక్ అని. కాళ్ళు ఆగిపోయాయి. వెనక్కి తిరిగాను. తాడు అవతల జనంలో మా ఆవిడ నిలబడి ఉంది. చేతులు కట్టుకుని, ఈయన ఇప్పుడేం చేస్తాడో చూద్దాం అన్నట్టు.

వెనక్కి వెళ్ళిపోతే ఆవిడ ఇక్కడే ఉండిపోతుంది. నాతో ఇంటికొస్తుంది. అదే కదా నేను కోరుకుంది? ఇంటికొచ్చి మళ్ళీ ఎన్నేళ్ళు టీ ఇస్తుంది, ఆ డబ్బా పక్కన పెట్టుకుని?

వంతెనకి అటూ ఇటూ ఉన్న తాళ్ళు రెండు చేతులా పట్టుకున్నాను. ఒక అడుగు పడింది. రెండోది పడలేదు. ఓడ మనిషొకడు పరిగెత్తుకొచ్చి, "కిందకి చూడకండి సార్, దూరంగా గీతకేసి చూడండి" అన్నాడు. నా మాట నాకే చెప్పాడు! గీత ఎక్కడుందో కనబడలేదు. కళ్ళ నిండా నీళ్ళు. ఇంక లాభం లేదని ఆ వంతెన మీద చతికిలబడ్డాను. కూర్చునే ఈడ్చుకుంటూ వెళ్ళాను. యాభై తొమ్మిదేళ్ళ మనిషిని, ఆఫీసు యూనిఫాంలో, పసిపిల్లాడు మెట్లు దిగినట్టు, నా క్లాసు పద్దెనిమిది మంది ముందూ. ఎవరో నవ్వారు. మాస్టారు "ష్" అని గదమాయించడం వినబడింది.

లోపల ఐదో అంతస్తు. వరండా పొడుగునా నీలం పెట్టెలు, అన్నీ ఒకేలా. పసుపు గుడ్డ కనబడింది. సంచి తీశాను, బొత్తాం విప్పి చూశాను, ఉంది. లేచి నిలబడ్డాక ఎందుకో గోడని వేలితో కొట్టాను. ఇనుమే. ఇన్నేళ్ళుగా చెప్పింది నిజమే. ఊయలలా మాత్రం లేదు. ఓడ కదలనే లేదు, ఊగింది నేనే.

తిరుగుదారి కూడా కూర్చునే. సగంలో తల ఎత్తితే, ఆవిడ తాడు కింద నుంచి దూరి వంతెన చివరిదాకా వచ్చేసింది. చేతులు కట్టుకుని లేదు. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

ఒడ్డు మీద కింద కూర్చుండిపోయాను. చొక్కా ముద్దయిపోయింది. ఆవిడా నా పక్కనే నేల మీద కూర్చుంది. చేతిరుమాలుతో నా మొహం తుడిచింది. గట్టిగానే తుడిచింది, మరక వదలని కాలరు తుడిచినట్టు.

"నిజమేనా!" అంది.

"చెప్పానుగా."

"చెప్పారు." రుమాలు పిండి మడిచింది. తర్వాత, "ఆవిడకి నేనో మొహం కూడా పెట్టుకున్నానండీ. పొడుగ్గా ఉంటుంది. నాకంటే బాగా నవ్వుతుంది. నీలం చీర కడుతుంది. పదకొండేళ్ళు నాతోనే ఉంది ఆ ముందుగదిలో. ఇప్పుడావిణ్ణి ఏం చేసుకోను?" అంది.

ఏడుస్తోందో నవ్వుతోందో తెలీలేదు. రెండూ అనుకుంటా.

"నాకు తెలీదు" అన్నాను. ఆవిడతో ఇంత నిజంగా ఏ జవాబూ చెప్పి ఉండను. "నీకు భయమేసిందా అని ఎవరైనా ఒక్కసారి అడిగుంటే చెప్పేసేవాణ్ణేమో. ఎవరూ అడగలేదు. కెప్టెన్ అన్నారు."

"నేనూ అడగలేదు" అంది.

ఆఫీసరు గడియారం చూపించాడు. పాస్‌పోర్టు ఆవిడ చేతిలో పెట్టాను. వెళ్ళకు అనాలా, నేనూ వస్తాననాలా? నోరు తెరిచేలోపు ఆవిడే అంది.

"మీరు రావద్దు. నా మీద ఇంకా కోపం ఉందనుకోకండి. ఉంది, కానీ అందుకు కాదు. నేను వెళ్ళి, నిజంగా చూసొచ్చి చెబుతాను. ఈసారి మీరు వినాలి."

లేచి చీర దులుపుకుంది. నాలుగడుగులు వేసి ఆగింది.

"ఆ లాడ్జి ఎక్కడ?"

వేలు పెట్టి చూపించాను. రోడ్డు అవతలే.

"కిటికీలోంచి ఓడ కనబడుతుందా?"

"బాగా కనబడుతుంది."

"అయితే గది తీసుకోండి. నేనొచ్చేదాకా ఉండండి. ఐదింటికి కిటికీ దగ్గరుండాలి, మర్చిపోకండి." వెళ్ళిపోతూ వెనక్కి తిరిగి గట్టిగా అరిచింది, అందరూ వినేలా. "బిల్లు జేబులోంచి తీయకండి!"

వంతెన మీద చకచకా నడిచి వెళ్ళిపోయింది. సందు దాటినప్పుడు ఒక్కసారి ఆగి, కిందకి చూసింది. నేను చెప్పిన నీళ్ళు ఉన్నాయో లేదో చూసుకుందనుకుంటా.

లాడ్జి యజమాని ముసలాడైపోయాడు. అయినా గుర్తుపట్టాడు. "మళ్ళీ వచ్చారా కెప్టెన్ గారూ! ఈసారీ ఒక్కరేనా?" అన్నాడు.

రిజిస్టరు నా ముందుకి తోశాడు. నా పేరు రాశాను. పక్కన 'వెంట ఉన్నవారు' అన్న గడి ఉంది. ఎప్పుడూ గీత కొట్టేవాణ్ణి. ఇవాళ ఆవిడ పేరు రాశాను.

"అమ్మగారేరీ?" అన్నాడు అటూ ఇటూ చూసి.

"ఓడలో ఉంది. బుధవారం వస్తుంది" అన్నాను. నన్ను వింతగా చూసి, బిల్లు చింపి ఇచ్చాడు.

ఐదుకి ఓడ కూత వేసింది. ఐదో అంతస్తులోనో ఆరో అంతస్తులోనో పసుపు గుడ్డ ఊగింది. పెట్టెకి కట్టింది విప్పేసినట్టుంది. ఇక పెట్టె ఎలా గుర్తుపడుతుందో ఏమిటో! నేను దిండు గలీబు తీసి ఊపాను. చెయ్యి నొప్పెట్టేదాకా ఊపాను. ఆవిడకి కనబడిందో లేదో బుధవారం అడగాలి.

బిల్లు జేబులోనే ఉంది.